మెదడులో మచ్చ ఎంత? ఎక్కడ?

పక్షవాతం వచ్చిన మనిషిని ఆసుపత్రిలో చేర్చగానే డాక్టర్లు చేసే మొదటి పని తలకు స్కాను తీయించడం. రెండో పని మనవాళ్లు చేస్తారు. ఆ రిపోర్టును ఫోనులో ఫొటో తీసి తెలిసినవాళ్లందరికీ పంపిస్తారు! సాయంత్రానికల్లా అమెరికాలో ఉన్న అబ్బాయి దగ్గర్నించి అనంతపురంలో ఉన్న మేనమామ దాకా అందరూ ఆ కాగితం చదివేస్తారు. అందులో మనకు అర్థమయ్యేవి అంకెలే కాబట్టి వాటినే పట్టుకుంటారు. "నాలుగు సెంటీమీటర్లుందట" అని ఒకరంటే, "అంత ఉంటే కష్టమేనమ్మా" అని ఇంకొకరు. మంచం పక్కన కూర్చున్న ఇల్లాలికి ఆ అంకె ఉరితాడులా కనబడుతుంది.

ఈ మధ్య ఒక సోదరి అడిగారు. వాళ్ల మామగారికి స్కానులో 4 × 3 సెంటీమీటర్ల మచ్చ కనబడిందట. పక్కమంచం మీది పెద్దాయనకు ఒకటిన్నర సెంటీమీటరు కూడా లేదట. తీరా చూస్తే మామగారు నాలుగో రోజుకే కర్ర పట్టుకుని నడుస్తున్నారు, పక్కమంచం ఆయన కుడిచెయ్యి, కుడికాలు కదపలేకపోతున్నారు. "ఇదేం లెక్కండీ?" అని ఆవిడ ప్రశ్న.

ప్రశ్న బాగుంది. దానికి జవాబు చెప్పుకోవాలంటే అసలు ఆ మచ్చను ఎలా కొలుస్తారు, ఎందుకు కొలుస్తారు అన్నది ముందు తెలియాలి. నేను డాక్టర్ని కాను కనుక మందుల జోలికి పోను. చదివి, అడిగి తెలుసుకున్న సంగతుల్ని మన వంటింటి భాషలో చెబుతాను.

పక్షవాతం రెండు రకాలుగా వస్తుందని మీకు తెలిసే ఉంటుంది. మెదడుకు రక్తం తీసుకువెళ్లే నాళంలో గడ్డ అడ్డుపడి, ఆ నాళం మీద ఆధారపడిన భాగం చచ్చిపోవడం ఒకటి. రిపోర్టులో 'ఇన్‌ఫార్క్ట్' అని రాసేది దీన్నే. ఎక్కువమందికి వచ్చేది ఇదే. నాళం చిట్లి మెదడులో రక్తం గూడుకట్టడం రెండోది. దీన్ని 'హెమరేజ్' అంటారు, గూడుకట్టిన రక్తాన్ని 'హెమటోమా' అంటారు. బయటికి రెండూ ఒకలాగే కనిపిస్తాయి: మూతి వంకరపోతుంది, చెయ్యి జారిపోతుంది, మాట ముద్దగా వస్తుంది. వైద్యం మాత్రం ఉత్తర దక్షిణాలు. ఒకదానికి గడ్డను కరిగించాలి, రెండోదానికి రక్తం ఆగేటట్లు చూడాలి. అందుకే స్కాను తీయకముందు ఇంట్లో ఉన్న ఆస్పిరిన్ బిళ్ల నోట్లో వేయకూడదు. ఏ రకమో స్కాను చూస్తేగాని డాక్టరుకే తెలియదు, మనకెలా తెలుస్తుంది?

ఈ స్కాను రాకముందు బతికున్న మనిషి మెదడులో ఏం జరిగిందో చూడడమంటే పెద్ద ప్రయాసగా ఉండేది. మామూలు ఎక్స్‌రేలో పుర్రె ఎముక కనబడుతుంది గాని లోపలి మెత్తటి మెదడు కనబడదు. 1971 అక్టోబరు 1వ తేదీన లండన్ పక్కన వింబుల్డన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో మొదటిసారిగా ఒక రోగికి సి.టి. స్కాను తీశారు. ఆమె ఒక స్త్రీ, మెదడులో కంతి ఉందేమోనని అనుమానం. ఆ యంత్రాన్ని రూపొందించిన గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ డాక్టరు కాదు, ఇంజనీరు. ఆయన పనిచేసిన ఇ.ఎం.ఐ. కంపెనీ ఎవరిదనుకున్నారు? మన పెద్దవాళ్లు గ్రామఫోనులో పెట్టుకు విన్న కుక్కబొమ్మ రికార్డుల తాలూకు కంపెనీయే! 1979లో హౌన్స్‌ఫీల్డ్‌కూ, దీని వెనకనున్న గణితాన్ని విడిగా సాధించిన అలన్ కార్మాక్‌కూ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఇంతకీ ఆ యంత్రం చేసే పని ఏమిటంటారా? వంకాయ తరగడం. నవ్వకండి. వంకాయలో పుచ్చు పైకి కనిపించదు. చక్రాలుగా కోస్తే మొదటి రెండు చక్రాలు బాగుంటాయి, మూడోదాంట్లో చిన్న చుక్క, నాలుగు, అయిదుల్లో పెద్ద మచ్చ, ఆరులో మళ్లీ చిన్నది, ఆ తర్వాత అంతా మంచికాయే. కత్తి పెట్టకుండా తలను అలా పొరలు పొరలుగా చూపించేదే స్కాను. ఒక్కో పొర మందం సాధారణంగా 5 మిల్లీమీటర్లు ఉంటుంది, ఇంకా పలచగానూ తీయవచ్చు. పెద్ద ఫిల్ముమీద చిన్నచిన్న గళ్లలో వరసగా కనబడే బొమ్మలు ఆ పొరలే. సి.టి. బొమ్మలో కొత్తగా కారిన రక్తం తెల్లగా ఉంటుంది. రక్తం అందక దెబ్బతిన్న చోటు నల్లగా ఉంటుంది. అయితే ఆ నలుపు తేలడానికి కొన్ని గంటలు పడుతుంది. మొదటి గంటల్లో తీసిన సి.టి.లో ఏమీ కనబడలేదంటే ఏమీ జరగలేదని కాదు. ఇది గుర్తుపెట్టుకోండి.

ఇక కొలత. 1996లో అమెరికాలోని సిన్సినాటి డాక్టర్లు మెదడులో గూడుకట్టిన రక్తాన్ని కొలవడానికి ఒక సులువైన పద్ధతి ప్రకటించారు. అన్ని పొరల్లోకీ మచ్చ ఎందులో పెద్దగా ఉందో ఆ పొర తీసుకోవాలి. దానిమీద మచ్చ పొడవు ఎంతో స్కేలుతో చూడాలి. ఆ పొడవుకు అడ్డంగా వెడల్పు చూడాలి. తర్వాత మచ్చ ఎన్ని పొరల్లో కనబడిందో లెక్కపెట్టి పొర మందంతో గుణిస్తే ఎత్తు వస్తుంది. మూడింటినీ గుణించి సగం చేస్తే అయిపోయింది. పొడవు 4 సెంటీమీటర్లు, వెడల్పు 3, అయిదేసి మిల్లీమీటర్ల పొరలు ఆరింటిలో కనబడింది కాబట్టి ఎత్తు 3 సెంటీమీటర్లు అనుకోండి. నాలుగు మూళ్లు పన్నెండు, పన్నెండు మూళ్లు ముప్పయ్యారు, సగం పద్దెనిమిది. అంటే 18 మిల్లీలీటర్లు. మన టీ చెంచాతో మూడున్నర చెంచాల పైచిలుకు. నిమిషం కూడా పట్టదు.

సగం ఎందుకు చేయాలి? ఒక కోడిగుడ్డు సరిగ్గా పట్టే అట్టపెట్టెను ఊహించుకోండి. పొడవు, వెడల్పు, ఎత్తు గుణిస్తే వచ్చేది పెట్టె కొలత. గుడ్డు మూలలు నింపదు కదా! లెక్కవేసి చూస్తే గుడ్డు ఆ పెట్టెలో నూటికి 52 పాళ్లు నింపుతుంది. ఆ రెండు పాళ్లూ వదిలేసి సగం అనుకున్నారన్నమాట. పొరలు లెక్కపెట్టడంలో కూడా ఒక ఒడుపుంది. అన్నిటికన్నా పెద్ద మచ్చతో పోల్చి, అందులో ముప్పాతికకు మించి ఉన్న పొరను ఒకటిగా, పాతికకూ ముప్పాతికకూ మధ్య ఉన్నదాన్ని అరగా లెక్కవేస్తారు. పాతిక కూడా లేనిదాన్ని వదిలేస్తారు. వంకాయలో చివరి చక్రంలోని చుక్కను మనం వదిలేసినట్టే.

రక్తస్రావం విషయంలో ఈ కొలతకు చాలా విలువుంది. 2001లో శాన్ ఫ్రాన్సిస్కో డాక్టర్లు రోగి ప్రమాదస్థితిని అంచనా కట్టే ఒక మార్కుల పట్టీ తయారుచేశారు. రక్తం 30 మిల్లీలీటర్లు, అంటే ఆరు టీ చెంచాలు ఉన్నా, దాటినా దాంట్లో ఒక మార్కు పడుతుంది. ఎక్కువ మార్కులొస్తే ఎక్కువ ప్రమాదమని అర్థం. అయితే ఆ పట్టీలో ఈ కొలత అయిదింటిలో ఒకటి మాత్రమే. స్పృహ ఎంత ఉంది, రక్తం మెదడులోని నీటి గదుల్లోకి దిగిందా, చిట్లింది మెదడు అడుగుభాగంలోనా, వయసు 80 నిండిందా, ఇవి తక్కిన నాలుగు. అందులోనూ స్పృహకు రెండు మార్కుల దాకా ఉన్నాయి, కొలతకు ఒక్కటే. మనవాళ్లు మిగతా నాలుగూ వదిలేసి సెంటీమీటర్ల దగ్గరే కూర్చుంటారు. రక్తస్రావంలో ఇంకో సంగతి ఏమిటంటే, మొదటి కొన్ని గంటల్లో అది పెరగవచ్చు. ఆరు గంటల తర్వాత మళ్లీ స్కాను అంటే "డబ్బులకోసమే" అని గొణుక్కునేవాళ్లున్నారు. అన్నిచోట్లా అదే అయితే నాకు తెలియదు గాని, రెండో కొలత లేకపోతే పెరిగిందో ఆగిందో తెలిసే మార్గం లేదు.

గడ్డ అడ్డుపడిన రకంలో కొలత ఇంత సులువు కాదు. రక్తం గుడ్డులా గూడు కడుతుంది. ఇన్‌ఫార్క్ట్ అలా కాదు, నాళం ఎంత మేర పారుతుందో అంత మేరా పరుచుకుంటుంది. ఒక్కోసారి పుచ్చకాయ ముక్కలా కోణంగా, ఒక్కోసారి చెదిరిన చుక్కల్లా ఉంటుంది. గుడ్డు లెక్క వేస్తే ఉన్నదానికన్నా ఎక్కువ రావచ్చు. ఖచ్చితంగా కావాలంటే ప్రతి పొరలోనూ మచ్చ చుట్టూ గీత గీసి, ఆ వైశాల్యాలన్నీ కూడి, పొర మందంతో గుణించాలి. ఇప్పుడు ఆ పని చాలాచోట్ల కంప్యూటరే చేస్తోంది. మిల్లీలీటర్ల జోలికి పోకుండా మార్కులు వేసే పద్ధతి కూడా ఒకటుంది. 2000వ సంవత్సరంలో కెనడాలోని కాల్గరీ డాక్టర్లు ప్రకటించిన ఈ పద్ధతి పేరు 'ఆస్పెక్ట్స్'. మెదడుకు ఒక పక్కనున్న ముఖ్యమైన నాళం పారే మేరను పది భాగాలు చేసి, దెబ్బతిన్న ఒక్కో భాగానికి ఒక్కో మార్కు తీసేస్తారు. ఏమీ కానివాళ్లకు పది, అంతా పోయినవాళ్లకు సున్న. కాబట్టి రిపోర్టులో 'ఆస్పెక్ట్స్ 8' అని ఉంటే కంగారుపడి ఏడవకండి. అది మంచి మార్కే.

ఎం.ఆర్.ఐ.లో 'డిఫ్యూజన్' అనే బొమ్మ ఉంటుంది. ప్రాణవాయువు అందని కణాలు ఉబ్బి, వాటి మధ్య నీటి కదలిక తగ్గిపోతుంది. ఆ కదలిక తగ్గిన చోటు ఇందులో తెల్లగా మెరుస్తుంది. సి.టి.కి గంటలు పట్టేది దీనికి నిమిషాల్లోనే కనబడుతుంది. దీంతోపాటు రక్తప్రవాహం చూసే స్కాను కూడా తీస్తే ఇంకో రహస్యం బయటపడుతుంది. కాలువ మూసుకుపోయినప్పుడు చేలన్నీ ఒకేసారి ఎండవు గదా! కొన్నిచోట్ల పైరు ఎండిపోతుంది. చుట్టుపక్కల మడుల్లో వాడుతుందేగాని చావదు, పక్క చేల నుంచి ఊరిన తడితో కొంతసేపు ప్రాణం నిలబెట్టుకుంటుంది. మెదడులోనూ అంతే. చచ్చిన భాగం నడుమ ఉంటే, వాడిన భాగం చుట్టూ ఉంటుంది. ఈ వాడినదాన్ని డాక్టర్లు 'పెనంబ్రా' అంటారు. గ్రహణంలో పలచని నీడకు వాడే మాట అది. కొలవడంలోని అసలు ఉద్దేశం ఇక్కడుంది. చచ్చింది ఎంత, వాడింది ఎంత అని విడివిడిగా కొలిస్తే, ఇప్పుడు నీరు వదిలితే ఎంత పైరు బతుకుతుందో తెలుస్తుంది.

వాడింది ఎండిపోవడానికి ఎంతసేపు పడుతుంది? 2006లో లాస్ ఏంజిలిస్‌లో ఒక న్యూరాలజిస్టు ఈ లెక్క కట్టారు. పెద్ద నాళం మూసుకుపోయి, వైద్యం అందని సగటు రోగికి చివరికి పోయే భాగం 54 మిల్లీలీటర్లు. అంటే ఇంచుమించు ఒక కోడిగుడ్డంత. అది పోవడానికి పట్టే సమయం సగటున పది గంటలు. దాన్నిబట్టి చూస్తే నిమిషానికి 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయి. మనం ఆటో కోసం వీధి చివర నిలబడ్డ పది నిమిషాల్లో కోటీ తొంభై లక్షలు! ఇది సగటు మాత్రమే. పక్కదారుల్లో రక్తం బాగా అందేవాళ్లకు నెమ్మదిగానూ, అందనివాళ్లకు ఇంకా త్వరగానూ పోతుంది.

అందుకే నాకు పావురం రక్తం కథలు వింటే ఒళ్లు మండుతుంది. మూతి వంకరపోయిన మనిషిని కూర్చోబెట్టి, పావురం కోసం ఊరంతా తిరిగి, దాని రక్తం రుద్ది, ఆకుపసరు పోసి, మర్నాడు తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకువస్తారు. ఇంత చదువుకున్న పట్నాల్లో కూడా "కాస్త పడుకోనివ్వండి, పొద్దున చూద్దాం" అనేవాళ్లు లేరా? గడ్డను కరిగించే ఇంజక్షను సాధారణంగా మొదటి నాలుగున్నర గంటల లోపలే ఇస్తారు. ఆ లోపలే ఆసుపత్రికి చేరాలి, స్కాను కావాలి, రక్తస్రావం కాదని తేలాలి. మంచినీళ్లు కూడా పట్టకుండా, లక్షణం ఎన్ని గంటలకు మొదలైందో గడియారం చూసి రాసుకుని, 108కి ఫోను చేయండి. స్కాను, ఇంజక్షను రెండూ ఉన్న ఆసుపత్రి మీ ఇంటికి దగ్గరలో ఏదో ఈవేళే కనుక్కుని పెట్టుకోండి.

పెద్ద నాళంలోని గడ్డను తొడ దగ్గర్నించి సన్నని గొట్టం పంపి బయటికి లాగేసే వైద్యం కూడా వచ్చింది. దీనికి ఎవరు పనికొస్తారో నిర్ణయించడంలో మచ్చ కొలత ద్వారపాలకుడిలా నిలబడింది. 2018లో ప్రకటించిన ఒక పెద్ద పరిశోధనలో, ఆరు నుంచి పదహారు గంటల మధ్య వచ్చినవాళ్లలో చచ్చిన భాగం 70 మిల్లీలీటర్ల లోపు ఉండి, చుట్టూ వాడిన భాగం తగినంత ఉన్నవాళ్లనే తీసుకున్నారు. వాళ్లకు మంచి ఫలితం వచ్చింది. బాగానే ఉంది. మరి మచ్చ అంతకన్నా పెద్దదైతే? "లాభం లేదు" అనేవారు. చాలా కుటుంబాలు ఆ మాట విని ఇంటికి వెళ్లిపోయాయి.

ఆ మాట నిజమేనా అని 2022లో జపాను డాక్టర్లు పరీక్షించారు. ఆస్పెక్ట్స్‌లో 3 నుంచి 5 మార్కులే వచ్చినవాళ్లను, అంటే మచ్చ పెద్దదే అయినవాళ్లను తీసుకున్నారు. గడ్డ లాగినవాళ్లలో నూటికి 31 మంది మూడు నెలలకు ఇంకొకరి ఆసరా లేకుండా నడవగలిగారు. లాగనివాళ్లలో 13 మంది లోపే. 2023లో చైనాలోనూ, అమెరికా తదితర దేశాల్లోనూ జరిగిన పరిశోధనలు కూడా ఇదే దారి చూపించాయి. మెదడులో రక్తం కారడం మాత్రం గడ్డ లాగినవాళ్లలో ఎక్కువే కనబడింది. నూటికి 31 అంటే తక్కిన 69 మంది అంతగా కోలుకోలేదనే అర్థం, దాన్ని దాచి చెప్పకూడదు. కాని "పెద్ద మచ్చ, ఇంక లాభం లేదు" అన్న తీర్పు ఇప్పుడు చెల్లదు. ఎవరైనా ఇంకా అలా అంటే, "ఆస్పెక్ట్స్ ఎంతండీ? గడ్డ లాగే వీలుందా?" అని అడిగే హక్కు మీకుంది.

మచ్చ కొలతకు తేదీ కూడా ఉండాలి. మొదటిరోజు ఒక కొలత ఉంటుంది. మూడు నుంచి అయిదు రోజుల మధ్య దెబ్బతిన్న చోటు వాచి పెద్దదిగా కనబడుతుంది. రిపోర్టులో 'ఎడిమా' అని రాసేది ఆ వాపునే. రెండు మూడు వారాలకు సి.టి.లో ఆ మచ్చ చుట్టూ ఉన్న మెదడులో కలిసిపోయి, ఒక్కోసారి మాయమైనట్టే ఉంటుంది. పొగమంచు కమ్మినట్టన్నమాట. కొన్నాళ్లకు మళ్లీ తేలుతుంది, ఈసారి కుంచించుకుపోయి. అంచేత అయిదోరోజు "పెరిగిపోయింది" అని గుండెలు బాదుకోవడం, మూడోవారం "కరిగిపోయింది" అని కొబ్బరికాయ కొట్టడం, రెండూ తొందరపాటే. అయితే ఆ వాపును తేలిగ్గా తీసుకోకూడదు. మచ్చ మరీ పెద్దదైతే, పుర్రె గట్టి డబ్బా గనుక వాచిన మెదడుకు చోటు చాలదు. అప్పుడు ఒకపక్క ఎముక తీసి చోటు చేస్తారు. అరవయ్యేళ్ల లోపువాళ్లకు 48 గంటల లోపల అలా చేస్తే, బతికినవాళ్లు నూటికి 29 నుంచి 78కి పెరిగారని యూరపులో జరిగిన మూడు పరిశోధనలు కలిపి 2007లో తేల్చారు. ఎవరికి ఆ ఆపరేషను కావలసి వస్తుందో ముందుగా హెచ్చరించేది మళ్లీ ఈ మిల్లీలీటర్లే.

ఇప్పుడు మన సోదరి ప్రశ్నకు వద్దాం. ఇంట్లో ఎలక కరెంటు తీగ కొరికిందనుకోండి. స్టోరురూము తీగ అరగజం కొరికినా ఆ ఒక్క దీపమే పోతుంది. మీటరు దగ్గర అంగుళం కొరికితే ఇల్లంతా చీకటి. కాలూ చేతులూ కదపమని ఆజ్ఞలు మోసుకొచ్చే తీగెలన్నీ మెదడు లోపల ఒక సన్నని సందులోంచి దిగుతాయి. అక్కడ ఒకటిన్నర సెంటీమీటర్ల గుండ్రని మచ్చ పడితే, గుడ్డు లెక్క ప్రకారం అది రెండు మిల్లీలీటర్లు కూడా కాదు, అర టీ చెంచా లేదు. అయినా సగం శరీరం పడిపోతుంది. అదే ముందుభాగంలో ఒకవైపున 18 మిల్లీలీటర్లు పోయినా నడక చెడకపోవచ్చు. కొసమెరుపేమిటంటే, ఇలాంటి చిన్న మచ్చలవాళ్లు చాలామంది వ్యాయామంతో బాగా తేరుకుంటారు. పక్కమంచం ఆయన రేపు మామగారికన్నా వేగంగా నడిచినా ఆశ్చర్యపడనక్కర్లేదు.

మామగారి విషయంలో మాత్రం ఆ సోదరిని ఒక కంట కనిపెట్టి ఉండమంటాను. చాలామందికి మాట ఉండేది ఎడమ మెదడులో. అక్కడ దెబ్బ తగిలితే మాట పోతుంది, అందరికీ తెలుస్తుంది. కుడి మెదడు దెబ్బ గుట్టుగా ఉంటుంది. డాక్టర్లు పక్షవాతం తీవ్రతకు వేసే 42 మార్కుల పరీక్షలో 7 దాకా మాటకు సంబంధించినవే, ఒక పక్కను పట్టించుకోకపోవడానికి ఉన్నవి 2. అందువల్ల మార్కులు సమానంగా వచ్చినా కుడివైపు మచ్చ పెద్దదై ఉండవచ్చని 1999లోనే పరిశీలించి చెప్పారు. దీన్ని పట్టుకోగలిగేది వడ్డించే మనిషి. కంచంలో కుడివైపున్న అన్నం తిని, ఎడమవైపు వేసిన కూర ముట్టుకోకుండా లేచిపోతున్నారా? ఎడమవైపు గడ్డం గీసుకోవడం మరచిపోతున్నారా? గుమ్మం దాటుతూ ఎడమ భుజం తలుపుకు కొట్టుకుంటున్నారా? మతిమరుపనో, మొండితనమనో విసుక్కోకుండా డాక్టరుతో చెప్పండి. ఆయన కళ్లకు కనబడుతున్నా, మెదడు ఆ పక్కను లెక్కలోకి తీసుకోవడం లేదు. దానికి అభ్యాసాలున్నాయి.

రిపోర్టు చేతికొచ్చినప్పుడు డాక్టరుగారిని "ఎంత ఉంది?" అని ఒక్కటే అడగకండి. గడ్డా, రక్తమా? ఏ వైపు, ఏ చోట? ఈ కొలత లక్షణాలు మొదలైన ఎన్ని గంటలకు తీసింది? మళ్లీ స్కాను ఎప్పుడు? ఈ నాలుగూ ఒక చీటీమీద రాసుకు వెళ్లండి, అక్కడికి వెళ్లాక అన్నీ మరచిపోతాం. ఇంటికి వచ్చాక ఫిల్ములను మడతపెట్టి బీరువా అడుగున తోయకండి. రిపోర్టు కాగితంతోపాటు బొమ్మలున్న సీడీ కూడా అడిగి తీసుకుని, దానిమీద పేరు, తేదీ రాసి ఉంచండి. ఆర్నెల్ల తర్వాత ఇంకో స్కాను తీస్తే, మచ్చ కొత్తదో పాతదో పోల్చిచూడడానికి డాక్టరు మొదట అడిగేది వాటినే.